మాయ పట్టాలు, రెండు కండ్ల కెమెరా

మయసభలో సుయోధనుడు పడిన పాట్లు మనవారికి కొత్త కాదు. నీరున్న చోట నేల అనుకొని కాలు పెట్టి తడిసినాడు. నేల ఉన్న చోట నీరనుకొని బట్టలు ఎత్తి పట్టుకొన్నాడు. ఆయనకు కండ్లు లేక కాదు. ఏది చదును, ఏది లోతు అన్నది పోల్చుకోలేకపోయినాడు, అంతే. రెండవ ప్రపంచయుద్ధములో కూడ ఇటువంటి మయసభలు కట్టినారు. కట్టినవారు సినిమా వారు, చిత్రకారులు, జంతుశాస్త్రము చదివినవారు. వాటిని చూచి మోసపోవలసినవాడు ఆకాశములో విమానములో తిరిగే శత్రువు. ఆ సంగతులలో ఒకటి రైలు పట్టాలకు సంబంధించినది గనుక, గూడ్సు ఆఫీసులో వ్యాగన్ల లెక్కలు వ్రాసుకొను మాకు దాని మీద మక్కువ కలిగినది. సంచిక సంపాదకులు "ఏదైనా చరిత్ర విషయము వ్రాయండి" అనగానే ఇదే వ్రాయదలచినాము.

ముందుగా ఫొటోల సంగతి చెప్పవలెను. అది తెలియకపోతే తక్కిన కథలో రుచి ఉండదు.

చదువరులు ఒక వేలిని ముఖమునకు ఎదురుగా పెట్టుకొని, ఒక కన్ను మూసి చూడండి. తరువాత ఆ కన్ను తెరచి రెండవది మూయండి. వేలు పక్కకు జరిగినట్లు కనబడును. వెనుక నున్న గోడ అంతగా జరుగదు. మన కండ్ల నడుమ సుమారు రెండున్నర అంగుళముల ఎడమున్నది. అందుచేత ఒక్కొక్క కంటికి ఒక్కొక్క బొమ్మ కనబడును. రెంటికీ గల తేడాను బట్టి ఏది దగ్గర, ఏది దూరము అన్నది మెదడు తేల్చుకొనును. ఈ మర్మమును ఆధారము చేసుకొని చార్లెస్ వీట్‌స్టన్ అను ఆంగ్లేయుడు 1838లో స్టీరియోస్కోపు అను పరికరమును గురించి లండనులోని రాయల్ సొసైటీకి వివరించినాడు. ఒకే వస్తువును కొంచెము ఎడముగా రెండు చోట్ల నుండి చిత్రించి, ఒక్కొక్క బొమ్మను ఒక్కొక్క కంటికి చూపినచో, కాగితము మీది వస్తువు ఉబికి పైకి లేచినట్లుండును. మొదట ఇది కాలక్షేపపు వస్తువు. దొరల ఇండ్లలో పిల్లలు, పెద్దలు దానితో ఆడుకొన్నారు. విమానములు వచ్చిన తరువాత అది యుద్ధమునకు పనికివచ్చినది.

ఇక్కడ ఒక చిత్రమున్నది. 30,000 అడుగుల ఎత్తున పోవు విమానములో కూర్చున్నవాడు క్రిందికి చూస్తే అంతా పటము పరచినట్లు చదునుగా కనబడును. రెండున్నర అంగుళముల ఎడము అంత దూరమునకు చాలదు. కాని విమానమునకు కెమెరా బిగించి, నిర్ణీత కాలమునకు ఒక్కొక్క ఫొటో తీయుచు పోయినారనుకొనండి. ఒక ఫొటోలో పడిన నేల నూటికి అరవై వంతులు తరువాతి ఫొటోలో కూడ పడునట్లు చూచుకొందురు. 36 అంగుళముల లెన్సుతో 30,000 అడుగుల నుండి తీసిన ఫొటోలో ఒక అంగుళము నేల మీద 10,000 అంగుళములు, అనగా సుమారు 830 అడుగులు. ఫొటో పక్క 7 అంగుళములైనచో అందులో 5,800 అడుగుల నేల పట్టును. తరువాతి ఫొటో తీయులోపల విమానము అందులో నలుబది వంతులు, అనగా 2,300 అడుగులు ముందుకు పోయి ఉండును. కాబట్టి ఆ రెండు ఫొటోలు ప్రక్కప్రక్కన పెట్టి స్టీరియోస్కోపులో చూచువాడు, రెండు కండ్ల నడుమ 2,300 అడుగుల ఎడమున్న రాక్షసుని వలె నేలను చూచుచున్నాడన్నమాట. కుంభకర్ణునికి కూడ అంత ముఖము లేదు! ఇండ్లు లేచి నిలుచును, గోతులు దిగిపోవును, చెట్లకు ఎత్తు వచ్చును. పైన ఎగిరినవానికి తెలియని ఎత్తుపల్లములు, క్రింద గదిలో బల్లముందు కూర్చున్న గుమాస్తాకు తెలిసినవి. మా వంటి గుమాస్తాలకు ఇది కొంచెము గర్వించదగిన మాటే.

అటువంటి గుమాస్తాలు ఇంగ్లండులో మెడ్మన్‌హమ్ అను చోట డేన్స్‌ఫీల్డ్ హౌస్ అను పెద్ద భవనములో 1941 ఏప్రిలు నుండి పనిచేసినారు. వారిలో ఆడవారు చాలమంది. పురాతన వస్తుశాస్త్రము చదివినవారిని ప్రత్యేకముగా ఏరి తెచ్చినారు. పూడిపోయిన పాత గోడల జాడను పైరు రంగులోని తేడాను బట్టి ఆకాశము నుండి గుర్తించుట వారికి ముందే అలవాటు గదా. గ్లిన్ డేనియల్ అను పురాతత్వవేత్త 1942 నుండి మన దేశములోనే ఇటువంటి ఫొటోలు చదివే శాఖకు అధికారిగా ఉన్నాడు. మెడ్మన్‌హమ్‌లో పనిచేసిన కాన్‌స్టన్స్ బాబింగ్టన్ స్మిత్ అను ఆమె, 1943 నవంబరు 28న పీనెముండె మీద తీసిన ఫొటోలో, ఏటవాలు కట్టడము మీద నిలిపిన చిన్న సిలువ వంటి గుర్తును కనిపెట్టినది. మనిషి లేకుండ ఎగిరి లండను మీద పడుటకు సిద్ధమగుచున్న వి-1 బాంబు అదే. ఆమె వెదకిన గుర్తు ఫొటోలో ఆవగింజంత.

శత్రువు ఇట్లు రెండు కండ్లతో చూచుచుండగా దాచుట ఎట్లు? రంగులు పూసినంత మాత్రమున చాలదు. తోలుబొమ్మలాటలో తెర ముందు కూర్చున్నవారికి హనుమంతుడు హనుమంతుని వలెనే కనబడును. తెర వెనుకకు పోయి ప్రక్క నుండి చూస్తే అది పలుచని తోలు. స్టీరియోస్కోపు చేయు పని ప్రక్క నుండి చూచుటయే. నేల మీద రంగుతో ఇల్లు వ్రాసితే విడి ఫొటోలో అది ఇల్లే. జంట ఫొటోలో అది చాప. నీడ కూడ ఇటువంటి సాక్షియే. నిజమైన వస్తువు నీడ పొద్దున పడమరకు, సాయంకాలము తూర్పునకు పడును. రంగుతో వేసిన నీడ ఎక్కడిదక్కడే. ఇవి గాక పచ్చిదనపు సాక్ష్యమొకటి. యుద్ధకాలములోనే అమెరికా వారు ఒక ఫిలిము తయారుచేసినారు. పచ్చి ఆకులు కంటికి కనబడని పరారుణ కాంతిని బాగుగా వెనుకకు కొట్టును. పచ్చ రంగు పూసిన గుడ్డలో ఆ గుణము సామాన్యముగా ఉండదు. ఆ ఫిలిములో పచ్చి ఆకు ఒక రంగున, గుడ్డ మరొక రంగున పడి దొంగ దొరికిపోవును.

జర్మనులు హాంబర్గు నగరములో 1941లో ఒక పెద్ద ప్రయత్నము చేసినారు. ఊరి నడుమ ఆల్‌స్టర్ అను సరస్సున్నది. ఊరికి అది బొట్టువంటి గుర్తు. దాని లోపలి భాగమును కప్పివేసి, పైన వీధులు, ఇండ్లు ఉన్నట్లు కట్టి, అసలు వంతెనకు కొంత దూరమున మరొక దొంగ వంతెన కట్టినారు. పని ఘనమైనదే. కాని ఆంగ్లేయుల వద్ద అంతకు ముందు తీసిన ఫొటోలున్నవి. పాతది, కొత్తది ప్రక్కన పెట్టగానే గుట్టు బయటపడినది. సీటిల్ నగరములో బోయింగు విమానముల కర్మాగారము పైకప్పు మీద అమెరికా వారు ఏకముగా ఒక ఊరినే వేసినారు. ఇండ్లు, వీధులు, చెట్లు అన్నీ ఉన్నవి. మనిషి నిటారుగా నిలువలేనంత పొట్టి ఇండ్లు. చుట్టుప్రక్కల ఊరు నేలమీద ఉండగా ఈ ఊరు మాత్రము మిద్దె ఎత్తున లేచి ఉండెను గదా, జంట ఫొటోలో అది తేలక తప్పదని మా అభిప్రాయము. అక్కడికి శత్రు విమానము ఒక్కటీ బాంబు వేయుటకు రాలేదు గనుక పరీక్ష జరుగలేదు.

ఇక ఎడారికి వత్తము. 1941లో ఆఫ్రికా ఉత్తర తీరమున ఒక వైపు ఆంగ్లేయుల సేన, అందులో మన దేశపు 4వ డివిజను కూడ ఉన్నది. రెండవ వైపు రోమెల్ నాయకత్వమున జర్మనులు, ఇటలీ వారు. ఈజిప్టు రైలుమార్గము అంతకు ముందు మెర్సా మత్రూహ్ వరకే. అక్కడి నుండి పడమరగా ఎడారిలో పట్టాలు పొడిగించిరి. ఆ పనిలో న్యూజీలండు రైల్వే ఇంజినీర్లు ముఖ్యులు. నవంబరు నాటికి పట్టాలు మిషేఫా అను చోటికి వచ్చినవి. ఎడారిలో రైలు పట్టాల చివర అనగా ఏమో గూడ్సు పనిచేసినవారికి వేరే చెప్పనక్కరలేదు. అక్కడ పెట్రోలు, నీరు, గుండ్లు, రొట్టెలు అన్నీ దిగును. రోజుకు ఎన్ని వ్యాగన్లు ఖాళీ అగుచున్నవో తెలిసితే సేనాపతి మనసులోని మాట తెలిసినట్లే. మా రిజిష్టరు చూచి ఏ మిల్లు ఎప్పుడు మూతపడునో మేము చెప్పగలము. ఇది డంబము కాదు, అనుభవము.

ఆ సామానంతయు దాచుట అసాధ్యము. పట్టాలు ఎక్కడ ముగిసినవో ఆకాశము నుండి చూచువానికి గీత గీసినట్లు కనబడును. కాబట్టి స్టీవెన్ సైక్స్ అను చిత్రకారుడు, అప్పుడు సైన్యములో ఉద్యోగి, మరొక ఉపాయము చేసినాడు. పట్టాలను ముగియనీయకుండ ఇంకను కొన్ని మైళ్లు పొడిగించి, ఆ చివర ఒక దొంగ స్టేషను కట్టినాడు. అంత ఇనుము ఎక్కడ వచ్చును? నాలుగు గాలన్ల పెట్రోలు డబ్బాలు ఎడారిలో గుట్టలుగా పడియున్నవి. వాటిని చదునుగా కొట్టి, పట్టాల ఆకారమునకు వంచి పరచినారు. సైడింగులు వేసినారు, వ్యాగన్లు కట్టినారు, ట్యాంకులు దించినట్లు పెట్టినారు. ఖర్జూరపు మట్టల చీలికలతో అల్లిన తడకలు ఇటువంటి పనులలో చాల ఉపయోగించినవి. మన ఊళ్లలో దడులు కట్టుటకు తాటాకు తడికలు అల్లినట్లే. యింజను పొగగొట్టములో నుండి పొగ వచ్చుటకు లోపల వంటపొయ్యి వెలిగించినారు. ఆవిరి యింజన్ల కాలమున పనిచేసిన మా పెద్దలు ఈ మాట వింటే ఎంత నవ్వి ఉందురో!

ఇంతలో సరుకు చాలకుండ పోయినది. అప్పుడు సైక్సు చేసినది మాకు అన్నిటికన్న నచ్చిన పని. వస్తువులన్నిటిని మూడింట రెండు వంతులకు, పోను పోను సగము కొలతకు తగ్గించి కట్టించినాడు. వ్యాగను సగము, యింజను సగము, వాటి ఎత్తు సగము, కాబట్టి నీడలు కూడ సగము. ఒకదానితో ఒకటి పొంతన కుదిరినది. ఎడారిలో చెట్టు లేదు, ఇల్లు లేదు. పోల్చి చూచుటకు తెలిసిన కొలతగల వస్తువు ఏదీ లేదు. అన్నిటికి ఎత్తు ఉన్నది గనుక రెండు కండ్లతో చూచినా చాప వలె చదునుగా కనబడవు. ఎంత ఎత్తు అన్నదే ప్రశ్న. అది తేలవలెనంటే స్కేలు పెట్టి కొలిచి, విమానము ఎంత ఎత్తున ఎగిరినది, లెన్సు ఎంత అని లెక్క కట్టవలెను. ఈజిప్టు గేజి 4 అడుగుల ఎనిమిదిన్నర అంగుళములు. మాలో ఎవరి చేతికైనా ఆ ఫొటో ఇచ్చి ఉన్నచో, ఇదేమి గేజి, ఇంత ఇరుకుగా ఉన్నదే అని మొదట అదే అడిగి ఉందుము. శత్రువు వద్ద అట్లు అడుగువాడు లేకపోయెను, లేదా తీరిక లేకపోయెను. ఆ దొంగ స్టేషను మీద 100కు పైగా బాంబులు పడినవి. డబ్బా రేకుల మీద పడిన ఒక్కొక్క బాంబు, మిషేఫాలో వ్యాగన్లు దించుచున్న మనుషుల మీద పడనిది. నవంబరు 18న ఆంగ్లేయుల దాడి ఆరంభమైనది.

మరుసటి సంవత్సరమునకు పరిస్థితి తారుమారైనది. రోమెల్ ముందుకు తోసుకొని వచ్చి ఈజిప్టులో ఎల్ అలమీన్ దాక చేరినాడు. అదీ ఒక రైల్వే స్టేషనే. ఎడారిలో ఒంటరిగా ఉన్న చిన్న స్టేషను. ఉత్తరమున సముద్రము, దక్షిణమున సుమారు 40 మైళ్ల దూరములో కత్తారా పల్లము. ఆ పల్లములో ట్యాంకులు దిగలేవు. అందుచేత చుట్టుతిరిగి పోవుటకు దారి లేదు. ఆ సందునే ఎక్కడో ఒకచోట చీల్చవలెను. అక్టోబరు నెల చివర ఉత్తరమున చీల్చవలెనని మాంట్‌గొమరి నిశ్చయము. శత్రువు మాత్రము దక్షిణమున అనుకోవలెను, నవంబరులో అనుకోవలెను. సెప్టెంబరు నెలలో జెఫ్రీ బార్కస్ అను ఆయనను, టోనీ ఐర్టన్ అను చిత్రకారుని పిలిచి ఈ పని ఒప్పచెప్పినారు. బార్కస్ యుద్ధమునకు ముందు సినిమాలు తీసినవాడు. సెట్టింగులు కట్టించుట ఆయనకు తెలిసిన విద్యయే. ఈ పనివారికి శిక్షణ ఇచ్చుటకు కైరో దగ్గర హెల్వాన్‌లో ఒక కేంద్రమున్నది. అక్కడ ముఖ్య ఉపాధ్యాయుడు హ్యూ కాట్, కప్పలు, పక్షులు, పురుగులు తమ రంగులతో ఎట్లు దాగుకొనునో పరిశోధించిన జంతుశాస్త్రజ్ఞుడు.

ఈ మొత్తము పథకమునకు బెర్‌ట్రమ్ అని పేరు. అందులోని పెట్రోలు సంగతి ముందుగా చెప్పెదము. దాడికి ముందు ఉత్తరమున 2,000 టన్నుల పెట్రోలు నిలువ చేయవలెను. ఎడారిలో అన్ని డబ్బాలు గుట్ట పోస్తే దాచుట ఎవరి తరము? స్టేషను దగ్గర అంతకు ముందు సంవత్సరము తవ్వి, లోపల రాతికట్టు కట్టిన కందకములు 100 దాక ఉన్నట్లు ఐర్టన్, ఆయన తోటివారు చూచినారు. శత్రువు ఆ కందకములను ఏడాదిగా ఫొటోలలో చూచుచునే ఉన్నాడు. కాబట్టి అవి అతనికి పాత చుట్టములు. రాత్రివేళ డబ్బాలను తెచ్చి, కందకము లోపల గోడల వెంబడి వరుసగా పేర్చినారు. గోడ కొంచెము మందమైనది, కందకము కొంచెము ఇరుకైనది, అంతే. లోతు ఉన్నది, లోపల నీడ ఉన్నది. జంట ఫొటోలో కందకము కందకముగానే దిగిపోవును. తమ విమానమునే పంపి చూడుమనగా, చూచినవారు ఏ మార్పును కనిపెట్టలేకపోయినారు. మాకు తోచినంతవరకు ఈ యుద్ధములో ఇంతకంటె తెలివైన దాపరికము లేదు. రంగు లేదు, గుడ్డ లేదు. నిజమైన వస్తువునే అడ్డు పెట్టుకొని దాచినారు. తిండి పెట్టెలను మాత్రము లారీ ఆకారమున పేర్చి, పైన వలలు కప్పి, లారీలు నిలిచినట్లు చేసినారు.

ట్యాంకుల విషయము వేరు. ట్యాంకును లారీగా చూపుటకు కట్టెల చట్రము మీద గుడ్డ తొడిగి, రెండు బద్దలుగా చేసి, పైన బోర్లించు కప్పు ఒకటున్నది. దానిని సన్‌షీల్డు అనిరి. ఇటువంటి కప్పులు 722 తయారైనవి. ఫిరంగులకు వేరుగా 360. ఉత్తరమున దాడికి దగ్గరగా ఉన్న చోట మొదట నిజమైన లారీలను, ఉత్త కప్పులను తెచ్చి నిలిపినారు. శత్రువు వచ్చినాడు, ఫొటో తీసినాడు, లారీలే అనుకొన్నాడు. మరునాడు వచ్చినాడు, అవే లారీలు. వారములు గడచినవి, దాడి జరుగలేదు. పగటివేషగాడు రోజూ వీధిలో తిరుగుచున్నచో ఆరవనాడు కుక్క కూడ మొరగదు. అక్టోబరు 20 తరువాతి రాత్రులలో ట్యాంకులు వచ్చి ఆ కప్పుల క్రింద దూరినవి. వచ్చిన చక్రాల జాడలు చెరిపివేసినారు. ట్యాంకులు విడిచి వచ్చిన వెనుకటి చోట తెల్లవారులోపల తడకల ట్యాంకులు నిలిచినవి. అందుచేత ఫొటోలను పాతవాటితో పోల్చి చూచు గుమాస్తాకు అక్కడా మార్పు లేదు, ఇక్కడా మార్పు లేదు. హాంబర్గులో జర్మనులను పట్టిచ్చిన సాక్ష్యము ఇదే గదా. పాత ఫొటోతో పోల్చుట. దానినే ఇక్కడ జర్మనుల మీదికి త్రిప్పినారు.

దక్షిణమున జరిగినది మరొక తమాషా. అక్కడ దాడి జరుగవలెనంటే నీరు కావలెను. నీటికి గొట్టములు వేయవలెను. సెప్టెంబరు చివర నుండి ఒక గొట్టపు మార్గము మెల్లగా దక్షిణమునకు సాగినది. కందకము తవ్వుదురు, ప్రక్కన గొట్టములు పరచి ఉంచుదురు. ఆ గొట్టములు డబ్బా రేకులు. అయిదు మైళ్ల రేకు గొట్టమే ఉన్నది. రాత్రి కాగానే కందకము పూడ్చి, ఆ గొట్టములనే ఎత్తుకొనిపోయి తరువాతి ముక్క ప్రక్కన పరతురు. పైనుండి చూచువానికి గొట్టము భూమిలో పూడ్చినట్లే. ఇట్లు సుమారు 20 మైళ్లు సాగినది. నడుమ మూడు చోట్ల పంపు షెడ్లు, నీటి తొట్లు, బొమ్మ సిపాయిలు. ఆ పని వేగము చూచి లెక్క వేసినవానికి నవంబరు మొదట గాని పూర్తికాదని తోచును. శత్రువు చేతికి కేలండరు ఇచ్చినట్లైనది, తప్పు తేదీతో. కంట్రాక్టరు ఎప్పటికి ముగించునో పని జరుగు తీరును బట్టి చెప్పు అలవాటు మన ఇంజినీరింగు ఆఫీసులలో కూడ ఉన్నది. అక్కడ మాత్రము లెక్క ఎప్పుడూ తప్పకుండ తప్పును.

దక్షిణముననే మునాసిబ్ అను చోట దొంగ ఫిరంగులు పెట్టినారు. కొన్నాళ్లకు వాటిని చూచీచూడనట్లు వదలివేసి, అవి బొమ్మలేనని శత్రువు కనిపెట్టునట్లు చేసినారు. కనిపెట్టినవాడు ధీమాగా ఉన్నాడు. అప్పుడు రాత్రికి రాత్రి బొమ్మల స్థానమున నిజమైన ఫిరంగులు తెచ్చిపెట్టినారు. చేనిలో దిష్టిబొమ్మ మీద వాలిన కాకిని దిష్టిబొమ్మే చేయి చాచి పట్టుకొన్నట్లు!

అక్టోబరు 23 రాత్రి ఉత్తరమున ఫిరంగులు మ్రోగినవి. ఆనాడు రోమెల్ జబ్బుచేసి జర్మనీలో ఉన్నాడు. ఆయన స్థానములో ఉన్న స్టుమ్మె మరునాడే గుండె ఆగి చనిపోయినాడు. జర్మనుల 21వ పాంజరు డివిజను మూడు దినముల దాక దక్షిణముననే ఉండిపోయినది. నవంబరు 4న పట్టుబడిన జనరల్ ఫాన్ థోమా, దాడి దక్షిణమున వచ్చునని తాము అనుకొన్నట్లు, ఆంగ్లేయులకు ఉన్నదాని కన్న ఒక ట్యాంకుల డివిజను ఎక్కువ ఉన్నదని నమ్మినట్లు చెప్పినాడు. లేని డివిజను తడకలది. నవంబరు 11న చర్చిల్ తన పార్లమెంటులోనే ఈ మారువేషపు పనిని మెచ్చుకొన్నాడు.

ఇంతమాత్రమున యుద్ధము సుళువుగా గెలిచినారని కొందరు వ్రాయుచుందురు. మేము ఒప్పుకొనము. శత్రువు మోసపోయిన తరువాత కూడ పన్నెండు దినములు ఘోరమైన పోరు జరిగినది. మందుపాతరల పొలములు తడకలతో కట్టినవి కావు. ఆంగ్లేయుల పక్షమున చచ్చినవారు, గాయపడినవారు, కనబడనివారు కలిసి సుమారు 13,500 మంది. ఆ మోసము లేకున్నచో ఇంకెందరో అని మాత్రము అనవచ్చును.

మన 4వ డివిజను ఆనాడు నడిమి భాగమున రువైసాత్ తిప్ప మీద ఉన్నది. ఆ డివిజనులోని ఇంజినీర్లలో బెంగుళూరు కేంద్రముగా గల మద్రాసు శాపర్ల 12వ ఫీల్డు కంపెనీ కలదు. మద్రాసు శాపర్లలో అరవవారు, మలయాళీలు, కన్నడిగులతో పాటు తెలుగువారు కూడ మొదటి నుండి ఉన్నవారే. ఎల్ అలమీన్ శ్మశానవాటికలో 7,200 పైచిలుకు సమాధులున్నవి. దాని ఆగ్నేయ దిక్కున వేరుగా ఒక స్మారకము కట్టినారు. ఈజిప్టు, లిబియాలలో చనిపోయి, తమ మతాచారము ప్రకారము దహనము చేయబడిన 600 మందికి పైగా సిపాయిల పేరిట అది నిలిచియున్నది. ఎల్ అలమీన్ పేరు తలచినప్పుడెల్ల మాంట్‌గొమరి, రోమెల్ తప్ప మనకు మరొకరు గుర్తు రారు. ఆ 600 పేర్లు చదివిన తెలుగువాడెవడైనా ఉన్నాడా అని మాకు తరచు తోచుచుండును.

యుద్ధము మన తీరమునకు కూడ రాకపోలేదు. 1942 ఏప్రిలు 6న జపాను విమానములు విశాఖపట్టణము, కాకినాడల మీద బాంబులు వేసినవి. విశాఖలో జనము మూటాముల్లె కట్టుకొని ఊరు విడిచి పోయినారు. ఇక్కడ మన సంఘములోని కుటుంబములలో ఆ నాటి మాట చెప్పుకొనేవారు ఇప్పటికీ ఉన్నారు.

రెండు కండ్ల కెమెరా యుద్ధముతో పోలేదు. కొండల ఎత్తు కొలిచి పటములు వ్రాయుటకు, కాలువలు, రైలుమార్గములు ఎక్కడ వేయవలెనో నిర్ణయించుటకు అది సర్వే వారికి నిత్యోపయోగమైనది. 2005 మే 5న శ్రీహరికోట నుండి పంపిన కార్టోశాట్-1 అను మన ఉపగ్రహమునకు రెండు కెమెరాలు. ఒకటి ముందుకు 26 డిగ్రీలు వంగి, మరొకటి వెనుకకు 5 డిగ్రీలు వంగి ఒకే నేలను చూచినవి. మీదినుండి రెండున్నర మీటర్ల వస్తువును పోల్చగల కండ్లు. ఆ పని హైదరాబాదులోని దూరగ్రహణ కేంద్రము వారిది. దొంగ ట్యాంకులు మాత్రము పోలేదు. 2022లో ఉక్రెయిన్‌లో ఆరంభమైన యుద్ధములో గాలి ఊదిన ట్యాంకులు, కొయ్య ఫిరంగులు మరల వచ్చినవి. ఇప్పుడు వాటికి వేడి కూడ పుట్టించవలెను. పైనున్న యంత్రము వేడిని గూడ చూచును గదా. సైక్సు యింజనులోని వంటపొయ్యి మరల పనికివచ్చినట్లే.

మా వద్ద సంతలో కొన్న పాత స్టీరియోస్కోపు ఒకటున్నది. దాని కొరకు మన స్టేషను యార్డును పాదచారుల వంతెన మీద నుండి రెండడుగుల ఎడములో రెండు ఫొటోలు తీసినాము. వ్యాగన్లు ఒకదాని వెనుక ఒకటి లేచి నిలుచును, నీళ్ల ట్యాంకు కాగితము లోనుండి బయటకు వచ్చును. ఉగాదినాడు పచ్చడి పంచిపెట్టు బల్ల ప్రక్కన దానిని ఉంచెదము. పిల్లలు వరుసగా వచ్చి చూడవచ్చును. అద్దములకు బెల్లపు చేతులు తగలనీయవద్దని మాత్రము తల్లులకు మనవి.